ఒకే ఇంట్లో రెండు చార్టులు



ఈ పేజీలో మేము సాధారణంగా బి.పి., షుగరు, గర్భిణీల ఆహారం, పసిపిల్లల టీకాలు మొదలైన విషయాలు రాస్తూ ఉంటాము. ఈసారి పదమూడు నుండి పంతొమ్మిది సంవత్సరాల పిల్లలు తమ ఖాళీ సమయాన్ని ఎలా గడుపుతున్నారు అనే విషయం రాస్తున్నాము. "ఇది ఆరోగ్య విషయమా? స్కూలు మాస్టర్లు, పాస్టర్లు చెప్పవలసినది కదా?" అని కొందరికి అనిపించవచ్చు. మాకు కూడా మొదట అలాగే ఉండేది. పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక కుటుంబం మా ఆలోచన మార్చింది. వారి అనుమతితోనే, పేర్లు చెప్పకుండా, ఆ సంగతి మీ ముందు పెడుతున్నాము.

పదవ తరగతి చదువుతున్న ఒక పాపను వాళ్ళ అమ్మ మా ఓ.పి.కి తీసుకొచ్చింది. స్కూల్లో ప్రేయరు జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయిందట. "దిష్టి తీయించాను సిస్టరమ్మా, తగ్గలేదు" అంది తల్లి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి. డాక్టరు గారు మందులు రాశారు. నెల తిరగకముందే అదే తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమెతో ఉన్నది పాప తమ్ముడు. తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. రాత్రి పదిన్నరకు స్నేహితుని స్కూటీ నడుపుతూ పడ్డాడు. మణికట్టు ఎముక విరిగింది. తలకు దెబ్బ తగలకపోవడం దేవుని కృప.

కట్టు కట్టే గదిలో మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: "అమ్మా, స్కూలు వదిలిన తరువాత నీ పిల్లలు ఏం చేస్తారు?" కొడుకు గురించి అడిగితే, "ఏటి సేస్తాడో మాకేం తెలుసమ్మా, మేం బండి దగ్గరుంటాం" అంది. కూతురి గురించి అడిగితే, "దానికి ఖాళీ ఎక్కడిదమ్మా" అంది. ఈ వ్యాసమంతా ఆ రెండు జవాబుల గురించే.

రెండు చార్టులు

వార్డులో ప్రతి రోగి మంచం దగ్గర ఒక చార్టు ఉంటుంది. జ్వరం ఎంత, నాడి ఎంత, ఎన్ని నీళ్ళు తాగారు, మూత్రం ఎంత అయింది అని వేళ ప్రకారం రాస్తాము. రోగి "బాగానే ఉన్నాను" అని చెప్పినా చార్టు నిజం చెబుతుంది. అదే పద్ధతిలో ఆ అక్కాతమ్ముళ్ళ చేత ఒక మామూలు పనిదినాన్ని 24 గంటల చార్టుగా రాయించాము.

అక్క చార్టు ఇలా ఉంది. తెల్లవారుజామున 4:30కి లేవడం. 7:30 వరకు కుళాయి నీళ్ళు పట్టడం, అంట్లు తోమడం, వంట, తమ్ముడికి క్యారేజీ సర్దడం. అరగంటలో తన స్నానం, టిఫిను. 8 నుండి 5 వరకు స్కూలు, దారి ప్రయాణం. 5 నుండి 8 వరకు మార్కెట్టులో అమ్మ కూరగాయల బండి దగ్గర తూకం, చిల్లర లెక్క. 8 నుండి 9:30 వరకు మళ్ళీ వంట, భోజనం, అంట్లు. 9:30 నుండి 11 వరకు చదువు. పడుకునేది 11కి. అంటే నిద్ర అయిదున్నర గంటలు. పని ఏడున్నర గంటలు. తనకంటూ ఉన్న సమయం సున్న.

తమ్ముని చార్టు చూడండి. ఉదయం 7:30కి లేవడం. 8 నుండి 5 వరకు స్కూలు. 5 నుండి 10 వరకు బయట. ఇంటికి వచ్చి అరగంటలో భోజనం. 10:30 నుండి రాత్రి 1 గంట వరకు ఫోను. నిద్ర ఆరున్నర గంటలు. ఇంటి పని సున్న. ఖాళీ సమయం ఏడున్నర గంటలు.

రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసి మేమే కాసేపు మాట్లాడలేకపోయాము. అక్క పని గంటలు ఎన్నో, తమ్ముడి ఖాళీ గంటలు అన్ని. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, ఒకే కుండ అన్నం తింటున్నారు. ఒకరికి ఖాళీ లేక జబ్బు చేసింది. ఇంకొకరికి ఆ ఖాళీలో తోడుగా పెద్దవారెవరూ లేక చెయ్యి విరిగింది.

తల్లిదండ్రులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పూర్ణా మార్కెట్టులో బతుకు ఎలా ఉంటుందో మాకు తెలుసు. తెల్లవారకముందే సరుకు లారీలు వస్తాయి. కలాసీలు బస్తాలు దించుతారు. ఆ వేళ సరుకు కొనుక్కోకపోతే ఆ రోజు వ్యాపారం లేదు. సాయంత్రం జనం వచ్చే వేళకే పిల్లలు స్కూలు నుండి ఇంటికి వస్తారు. తండ్రికి పోర్టులోనో, స్టీల్‌ప్లాంటులోనో షిఫ్టు పని ఉంటే అతను ఏ రోజు ఏ వేళకు ఇంట్లో ఉంటాడో చెప్పలేము. పిల్లలకు ఖాళీ దొరికే వేళ, పెద్దలకు ఊపిరి సలపని వేళ ఒకటే అవుతోంది.

ఈ వయసులో శరీరానికి ఏం కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుండి 19 సంవత్సరాల వయసును కౌమారం అంటుంది. ఈ సంవత్సరాల్లో ఎత్తు, బరువు వేగంగా పెరుగుతాయి. ఎముకలు గట్టిపడతాయి. ఆడపిల్లలకు నెలసరి మొదలవుతుంది. మగపిల్లలకు గొంతు మారుతుంది, కండ పెరుగుతుంది. బయటికి కనిపించని మార్పు మెదడులో జరుగుతుంది. సంతోషాన్ని, ఉత్సాహాన్ని కోరే భాగాలు ముందుగా చురుకవుతాయి. "ఆగు, ఆలోచించు" అని చెప్పే ముందు భాగం మాత్రం ఇరవై దాటిన తరువాత కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే పిల్లవాడు కూడా నలుగురు స్నేహితులు చేరితే సాహసాలకు దిగుతాడు. వాడు చెడ్డవాడని దీని అర్థం కాదు. బండికి ఇంజను వచ్చింది, బ్రేకు ఇంకా తయారవుతోంది. అంతవరకు పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి.

ఈ వయసు పిల్లలకు రోజులో మూడు విషయాలు తప్పనిసరి.

మొదటిది నిద్ర. 13 నుండి 18 సంవత్సరాల వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఈ వయసులో పెద్దలకంటే ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే వారికి రాత్రి త్వరగా నిద్ర రాదు, ఉదయం త్వరగా మెలకువ రాదు. దీన్ని బద్ధకం అనుకొని తిట్టకూడదు. అయితే అర్ధరాత్రి దాకా ఫోను వెలుగు కళ్ళలో పడుతుంటే ఆ హార్మోను ఇంకా ఆలస్యమవుతుంది.

రెండవది ఒళ్ళు కదలడం. 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి, పరుగెత్తాలి, లేదా వేగంగా నడవాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల సమాచారం పరిశీలించి 2019లో ఒక నివేదిక ప్రచురించారు. స్కూలుకు వెళ్ళే 11-17 సంవత్సరాల పిల్లల్లో నూటికి 81 మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని అందులో తేలింది. మగపిల్లల్లో వీరు 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం.

మూడవది మనసు విప్పి మాట్లాడుకునే సమయం. స్నేహితులతో ఎదురెదురుగా కూర్చుని నవ్వుకోవడం, పెద్దవారితో భయం లేకుండా మాట్లాడటం, అప్పుడప్పుడు ఏ పనీ లేకుండా ఊరకే కూర్చోవడం. ఇది కూడా ఆహారంలాంటిదే. ఇది దొరకని పిల్లల్లో చిరాకు, దిగులు, తలనొప్పి, కడుపునొప్పి కనిపిస్తాయి. పరీక్షలన్నీ మామూలుగా ఉంటాయి, నొప్పి మాత్రం నిజంగానే ఉంటుంది.

ఆడపిల్లకు ఖాళీ ఎక్కడ?

2019 నివేదికలో ఇంకొక సంగతి ఉంది. ఆడపిల్లల కదలిక విషయంలో భారత్, బంగ్లాదేశ్ మిగతా దేశాలకంటే కొంత నయంగా కనిపించాయి. దానికి కారణం మన పిల్లలు చేసే ఇంటిపని కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. అంటే మన ఆడపిల్ల కదులుతోంది, కాని ఆడుకోవడం లేదు. బిందె మోస్తే ఒళ్ళు కదులుతుంది. ఆ కదలికలో నవ్వు లేదు, స్నేహం లేదు, విశ్రాంతి లేదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రజలు తమ సమయాన్ని ఎలా వాడుతున్నారో సర్వే చేసింది. ఆరు సంవత్సరాలు దాటిన వారిలో జీతం లేని ఇంటిపనులు చేసేవారిని లెక్కిస్తే, స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనులకు ఇస్తున్నారు. ఈ తేడా పెళ్ళి తరువాత మొదలయ్యేది కాదు. బొమ్మలతో ఆడే వయసు దాటగానే మన ఇళ్ళలోనే మొదలవుతుంది.

ఈ అలసట మీద రక్తహీనత తోడైతే ఏమవుతుందో ఆ పాపను చూస్తే తెలిసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 సంవత్సరాల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి ఉంది. ఆయాసం, కళ్ళు తిరగడం, చదివింది గుర్తుండకపోవడం, ముఖం పాలిపోవడం దాని గుర్తులు. "మా అమ్మాయి మందకొడి" అని మీరు అనుకునే పాపకు రక్తం తక్కువ ఉందేమో ముందు చూపించండి.

స్కూల్లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు మానకుండా చూడండి. అన్నం తిన్న తరువాత వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. మలం నల్లగా వస్తే భయపడవద్దు. నులిపురుగుల మాత్ర కూడా సమయానికి వేయించాలి. తోటకూర, మునగాకు, చోళ్ళు, పప్పులు, గుడ్డు, చేప తినిపించండి. మీరు మార్కెట్టులో అమ్మే ఆకుకూరలో ఒక కట్ట మీ ఇంటికి కూడా వెళ్ళాలి. పైన నిమ్మకాయ పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు, లేదా తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది.

ఇంకొక మాట తల్లులతో చెప్పాలి. పిల్ల పెద్దమనిషి అయిన వెంటనే చాలా ఇళ్ళలో ఆటలు మాన్పిస్తారు. నెలసరి సమయంలో పరుగెత్తితే గర్భసంచికి హాని అని కొందరు అంటారు. అది నిజం కాదు. నొప్పి ఎక్కువగా లేకపోతే ఆ రోజుల్లో కూడా ఆడవచ్చు. మామూలు వ్యాయామం ఆ నొప్పిని తగ్గిస్తుంది కూడా.

మన ఊరి జ్యోతి యర్రాజినే చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళలో పని చేస్తూ, ఒక ఆసుపత్రిలో కొంతసేపు శుభ్రపరిచే పని చేసేది. ఆ పాప విశాఖలోని పోర్టు హైస్కూలులో చదివింది, అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమెలోని నేర్పును గుర్తించారు. 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమీలో ఆసియా చాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె బంగారు పతకం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో పాల్గొన్న మొదటి భారతీయురాలు ఆమే. ప్రతి పిల్లా పతకం తేవాలని మేము చెప్పడం లేదు. ఆసుపత్రి నేల తుడిచే తల్లి కూడా కూతురి సాయంత్రాన్ని మైదానానికి వదిలింది. ఆ సాయంత్రం దొరకకపోతే ఆమెలో అంత శక్తి ఉన్న సంగతి ఆమెకే తెలిసేది కాదు.

మగపిల్లవాని ఏడున్నర గంటలు

ఆ బాబును మేము తిట్టలేదు. "ఆ అయిదు గంటల్లో ఏం చేస్తావు?" అని మామూలుగా అడిగాము. మొదట "ట్యూషను" అన్నాడు. రెండోసారి కట్టు మార్చడానికి వచ్చినప్పుడు నిజం చెప్పాడు. ట్యూషనుకు వెళ్ళేది వారంలో రెండు రోజులు. కొన్ని రోజులు సందులో క్రికెట్టు. కొన్ని రోజులు బీచి. మిగతా రోజులు పాన్‌షాపు దగ్గర నిలబడి పెద్ద కుర్రాళ్ళ బండ్లు చూడటం. "ఇంటికెళ్తే ఎవరూ ఉండరు సిస్టర్" అన్నాడు. ఆ ఒక్క మాట మాకు చాలా సంగతులు చెప్పింది.

సందులో క్రికెట్టు మంచిదే. ఆపవద్దు. వచ్చే పోయే ఆటోల మధ్య కాకుండా స్కూలు మైదానంలోనో, చర్చి ఆవరణలోనో ఆడుకునే ఏర్పాటు చేస్తే చాలు. జాగ్రత్త అవసరమైనవి మరి నాలుగు ఉన్నాయి.

మొదటిది బండి. 18 సంవత్సరాలు నిండకుండా స్కూటీ, మోటారు సైకిలు నడపకూడదు. 50 సి.సి. లోపు గేర్లు లేని బండికి మాత్రం 16 సంవత్సరాలకు లైసెన్సు ఇస్తారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి, లేదా బండి యజమానికి మూడు సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 సంవత్సరాలు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇవన్నీ చట్టం వేసే శిక్షలు. తలకు తగిలే దెబ్బకు మాత్రం గడువు ఉండదు. "చిన్న పని మీద పంపాను" అంటూ తాళం ఇచ్చే బాబాయిలు, మామయ్యలు కూడా ఈ పేరా చదవాలి.

రెండవది సముద్రం. పూర్ణా మార్కెట్టు నుండి బీచి నడిచి వెళ్ళేంత దూరం. రామకృష్ణా బీచి చూడటానికి అందంగా ఉంటుంది, స్నానానికి ప్రమాదం. ఒడ్డుకు వచ్చిన నీరు ఒక సన్నని పాయగా చేరి వేగంగా లోపలికి వెళ్ళిపోతుంది. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీలో అలలు లేకుండా నెమ్మదిగా కనిపిస్తే, లాగేది అక్కడే. పిల్లలు అదే మంచి చోటు అనుకొని దిగుతారు. ఆ లాగుడులో పడితే ఒడ్డువైపు ఈదడానికి పెనుగులాడకూడదు. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి కేక వేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. స్నేహితుడు మునుగుతుంటే మిగతావారు నీళ్ళలోకి దూకవద్దు. తాడు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసిరి, పెద్దలను, గస్తీ వారిని పిలవాలి. బయటికి తీసిన వానిని తలకిందులుగా వేలాడదీయకూడదు, పొట్ట నొక్కకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊది, గుండె మీద నొక్కుతూ 108కి ఫోను చేయించాలి.

మూడవది పాన్‌షాపు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 సంవత్సరాల లోపు వారికి పొగాకు అమ్మడం నేరం. స్కూలుకు 100 గజాల లోపు అమ్మడం కూడా నేరం. ఖైనీ, గుట్కా మొదట స్నేహితులు ఉచితంగానే ఇస్తారు. పిల్లవాడు నోరు పూర్తిగా తెరవలేకపోతున్నా, కారం తింటే మండుతోందన్నా, బుగ్గ లోపల తెల్లబడినా వెంటనే చూపించండి.

నాలుగవది ఫోను. ఫోను పాపం కాదు. పాఠాలు అందులోనే వస్తున్నాయి, స్నేహితులు అందులోనే ఉన్నారు. ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి, నిద్రను తినేయడం. రెండు, డబ్బు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా దొంగదారిన వచ్చేవి వస్తూనే ఉంటాయి. మీ ఫోనులో ఉన్న డబ్బుల పాస్‌వర్డ్ పిల్లలకు ఇవ్వవద్దు. ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. పడుకోవడానికి గంట ముందు అందరి ఫోన్లూ ముందు గదిలో ఒకే చోట ఛార్జింగుకు పెట్టాలి. నాన్న ఫోను కూడా అక్కడే ఉండాలి. పెద్దలు పాటించని నియమం పిల్లలు పాటించరు.

మీ ఇంట్లో చార్టు ఎలా రాయాలి?

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక పేజీలో పై నుండి కిందికి 24 గీతలు గీయండి. ఒక్కో గీత ఒక గంట. పిల్లల చేతనే రాయించండి. మీరు పక్కన కూర్చోండి. అయిదు మాటలు చాలు: నిద్ర, చదువు, పని, ఫోను లేక టీవీ, నా సమయం. భోజనం, స్నానం పక్కన వేరుగా రాయవచ్చు. మూడు మామూలు రోజులు, ఒక ఆదివారం రాస్తే వారం అర్థమవుతుంది.

రాసేటప్పుడు ఒక నియమం ఉంది. చార్టు చూసి ఆ రోజు తిట్టకూడదు. వార్డులో రోగి జ్వరం 103 ఉందని మేము రోగిని తిట్టము కదా. తిడితే మరుసటి రోజు అబద్ధం రాస్తారు, చార్టు పనికిరాకుండా పోతుంది.

తరువాత కూడండి. నిద్ర 8 గంటలకు తగ్గిందా? ఆట, నడక కలిపి గంట ఉందా? "నా సమయం" అసలు ఉందా? ఉంటే అందులో పెద్దవారెవరైనా కనీసం అరగంట తోడున్నారా? ఇంట్లో అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఉంటే రెండు చార్టులను పక్కపక్కన పెట్టి చూడండి. పని గంటలు పంచండి. ఒకరి నుండి తీసిన పని ఇంకొకరి చేతిలో పడితేనే ఆ గంట మిగులుతుంది. అబ్బాయి నీళ్ళు పడితే మగతనం తగ్గదు. ఇంటికి తాను కావలసినవాడినని వానికి తెలుస్తుంది.

సంఘానికి ఒక మాట

లూకా సువార్త రెండవ అధ్యాయంలో యేసు ప్రభువు పన్నెండు సంవత్సరాల వయసులో యెరూషలేములో ఉండిపోయిన సంగతి మనందరికీ తెలుసు. చుట్టాల గుంపులో ఎక్కడో ఉన్నాడులే అనుకొని మరియ, యోసేపు ఒక దినమంత దూరం నడిచి వెళ్ళారు. అంత భక్తిగల తల్లిదండ్రులకే ఆ పొరపాటు జరిగింది. మనమూ "స్నేహితులతో ఉన్నాడులే", "ట్యూషనులో ఉన్నాడులే" అనుకొని ఎంతో దూరం వెళ్ళిపోతున్నాము. అయితే వారు తిరిగి వెదుక్కుంటూ వచ్చారు. కుమారుడు దొరికినప్పుడు ఆయన చెప్పిన మాట పూర్తిగా అర్థం కాకపోయినా విన్నారు. మనం నేర్చుకోవలసినది అదే.

సంఘ పెద్దలకు మా మనవి ఏమంటే, వి.బి.ఎస్. వేసవిలో పది రోజులు చేసి ఆపవద్దు. వారంలో రెండు సాయంత్రాలు చర్చి ఆవరణ తెరిచి పెట్టండి. ఒక క్యారమ్ బోర్డు, ఒక షటిల్ నెట్టు, నాలుగు పుస్తకాలు, తాగడానికి మంచినీళ్ళు, ప్రసంగం చేయకుండా కూర్చునే ఒక పెద్ద మనిషి ఉంటే చాలు. ఏ మతం పిల్లలైనా రానివ్వండి. ఒక సాయంత్రం ఆడపిల్లలకే కేటాయించండి. వారిని ఇంటికి చేర్చే బాధ్యత ముందే అప్పగించండి. అలా చేస్తేనే తల్లులు పంపుతారు.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

రెండు వారాలకు మించి పిల్లలు ఎవరితోనూ మాట్లాడకపోయినా, తిండి, నిద్ర బాగా మారిపోయినా, ఇష్టమైన ఆట కూడా మానేసినా, ఒంటి మీద కోసుకున్న గుర్తులు కనిపించినా, ఇంట్లో డబ్బు తరచూ పోతున్నా, "నేను లేకపోతేనే మంచిది" అన్నా ఆలస్యం చేయవద్దు. దాన్ని నాటకం అనుకోవద్దు. మానసిక బాధలకు టెలి మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలకు ఎవరి వల్లనైనా హాని జరుగుతుంటే 1098కి చెప్పండి. ఆ నంబరుకు పిల్లలే స్వయంగా కూడా చేయవచ్చు.

ఆ ఇంటి సంగతి

ఆ రెండు చార్టులు చూసి తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తండ్రి వచ్చి చూసి, "ఆడపిల్లన్నాక పని తప్పదు కదమ్మా" అన్నాడు. మేము వాదించలేదు. "ఏడున్నరలో ఒక్క గంట తగ్గించండి చాలు" అన్నాము. తమ్ముని చేతి కట్టు విప్పి, చెయ్యి బలం పుంజుకున్న తరువాత ఉదయం నీళ్ళు వాడు పట్టడం మొదలుపెట్టాడు. వారానికి మూడు సాయంత్రాలు బండి దగ్గర వాడే కూర్చుంటున్నాడు. చిల్లర లెక్కలో అక్కకంటే తానే వేగం అని గొప్పలు చెప్పుకుంటున్నాడట. ఇప్పుడు వాడు సాయంత్రం ఎక్కడ ఉన్నాడో తల్లికి తెలుసు, ఎందుకంటే ఎదురుగానే ఉంటాడు.

మూడు నెలల తరువాత పాప హిమోగ్లోబిన్ 10.4కి వచ్చింది. ఇంకా పెరగాలి. రాత్రి ఇప్పుడు ఏడు గంటలు పడుకుంటోంది. అది కూడా ఇంకా పెరగాలి. గ్రౌండుకు పంపడానికి తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. తమ్ముడు ఫోను ముందు గదిలో పెట్టడం వారంలో నాలుగు రోజులే జరుగుతోంది. చార్టులో ఉన్నది ఉన్నట్టు రాయాలి గనుక ఇవన్నీ రాస్తున్నాము.

"మిగిలిన సమయంలో ఏం చేశావు తల్లీ?" అని పాపను అడిగాము. మొదటి వారం నిద్రపోయిందట. రెండవ వారం పక్కింటి స్నేహితురాలితో డాబా మీద కూర్చుందట. "ఏం చేశారు?" అన్నాము. "ఏమీ చేయలేదు సిస్టర్. ఊరకే కూర్చున్నాం. ఓడలు కనిపిస్తాయి కదా, లెక్కపెట్టాం" అని నవ్వింది. ఆ పాప నవ్వడం మేము చూసింది అదే మొదటిసారి. ఆమె కేసు షీటులో ఆ రోజు మందుల కింద ఆ సంగతి కూడా రాసుకున్నాము.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాల తరువాత ఒక కాగితం, ఒక పెన్ను తీసుకోండి. మీ పిల్లల పక్కన కూర్చుని 24 గీతలు గీయండి. దేవుడు మీ గృహములను, మీ పిల్లల సాయంత్రములను కాపాడును గాక.